చూపు పేపరు మీద, వేళ్లు హోమ్ రో మీద: కాలేజీ విద్యార్థులకు టచ్ టైపింగ్ మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో డిగ్రీలో చేరి కీబోర్డింగ్ క్లాసుకు వచ్చే పిల్లల్లో అసలు టైపు రానివాళ్లు ఇప్పుడు తక్కువ. ఫోన్లో రెండు బొటనవేళ్లతో గబగబా కొట్టేస్తారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే రెండు చూపుడు వేళ్లతో, మీటల్ని చూసుకుంటూ, నిమిషానికి 15, 20 పదాలు లాగించేస్తారు. ఈ క్లాసులో మొదటి అడ్డంకి ఆ అలవాటే. పది వేళ్లూ వాడటం మొదలుపెట్టగానే ఉన్న వేగం కాస్తా సగానికి పడిపోతుంది. 'ఇంతకంటే నా పద్ధతే నయం' అనిపిస్తుంది. తొలి రెండు మూడు వారాలు ఆ చిరాకును ఓర్చుకుంటే దారి తేలికవుతుంది. కాబట్టి ఆ వారాల్లో వాట్సాప్ వెబ్, అసైన్‌మెంట్లు లాంటి అర్జంటు పనులు వీలైనంతవరకు ఫోన్లోనే కానివ్వండి. కీబోర్డు ముందు కూర్చున్నంతసేపూ కొత్త పద్ధతే నడవాలి. పొద్దున ల్యాబులో పది వేళ్లు, సాయంత్రం నెట్ సెంటర్లో రెండు వేళ్లు అయితే ఏదీ చేతికి పట్టదు.

టచ్ టైపింగ్ అంటే మీటల్ని చూడకుండా పది వేళ్లతో కొట్టడం. మీటలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడం అందులో సులువైన భాగం. వారం పది రోజుల్లో అది వచ్చేస్తుంది. కష్టమంతా వెళ్లిన వేలిని వెనక్కి రప్పించడంలో ఉంది. పై వరసకో కింది వరసకో వెళ్లిన వేలు మీట నొక్కి తన చోటికి తిరిగి రావాలి. రాకపోతే చెయ్యి ఒక మీట పక్కకు జరుగుతుంది, అక్కణ్నుంచి కొట్టిందంతా తప్పే. కింద చెప్పే ప్రతి అభ్యాసమూ ఆ తిరుగు ప్రయాణాన్ని అలవాటు చేయడానికే.

ఎంత వేగం కావాలి

టైపింగ్ లెక్కలో పదమంటే 5 స్ట్రోకులు, మధ్యలో వచ్చే ఖాళీ కూడా అందులోదే. నిమిషానికి 30 పదాలంటే 150 స్ట్రోకులు, సెకనుకు రెండున్నర. సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహించే టైప్‌రైటింగ్ పరీక్షల్లో ఇంగ్లిష్ లోయర్‌కు 30, హయ్యర్‌కు 45 కావాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీహెచ్‌ఎస్‌ఎల్ (ఇంటర్ అర్హతతో రాసే పరీక్ష)లో క్లర్కు ఉద్యోగాలకు ఇంగ్లిష్‌లో 35 అడుగుతారు. గంటకు 10,500 కీ డిప్రెషన్లు (మీట నొక్కులు) అని నోటిఫికేషన్‌లో రాసేది ఈ 35నే. డేటా ఎంట్రీ ఆపరేటర్‌కైతే చాలా శాఖల్లో గంటకు 8,000. రైల్వే ఎన్‌టీపీసీ (సాంకేతికేతర ఉద్యోగాల) పరీక్షలో టైపింగ్ ఉండే పోస్టులకు ఇంగ్లిష్‌లో 30, హిందీలో 25. మొదటి సెమిస్టర్‌కు 30 పెట్టుకోండి. రోజూ అరగంట కూర్చునే విద్యార్థికి అది అందే లెక్కే.

కుర్చీ, బల్ల, కీబోర్డు

ల్యాబు బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. రాయడానికి బాగుంటుంది గానీ టైపుకు కొంచెం ఎక్కువ. కూర్చున్నాక మోచేతులు ఒంటికి దగ్గరగా, మీటల ఎత్తులోనే ఉండాలి. భుజాలు పైకి లేస్తున్నాయంటే కుర్చీ తక్కువైనట్టే. ప్లాస్టిక్ కుర్చీ అయితే ఒక దిండు వేసుకోండి. అప్పుడు పాదాలు నేలకు ఆనకపోతే కింద చిన్న పీట పెట్టుకోండి.

కీబోర్డును స్క్రీన్‌కు నడిమధ్య పెట్టడం అందరూ చేసే పొరపాటు. కుడిపక్క నంబర్ ప్యాడ్ ఉంటుంది కాబట్టి అలా పెడితే అక్షరాల భాగం ఎడమకు పోతుంది, దాంతోపాటు నడుమూ తిరుగుతుంది. జి, హెచ్ మీటల మధ్య సందు మీ బొడ్డుకు ఎదురుగా రావాలి. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లను మడిచేయండి. వాటిని నిలబెడితే మణికట్టు పైకి విరిచినట్టవుతుంది, అరగంటకే లాగుతుంది. టైపు చేస్తున్నప్పుడు మణికట్టు బల్లకు ఆన్చకూడదు. ఆన్చితే వేలు ఎంత చాచినా పై వరస అందదు. ఆగినప్పుడు ఆన్చుకోవచ్చు.

గోళ్లు పెరిగి ఉంటే వేలి కొన మీటకు తగలదు, గోరు జారుతుంది. తీసేయడమే మందు. గాజులు, వాచీ బల్ల అంచుకు తగులుతుంటే చేతిని తెలియకుండానే పైకి ఎత్తి పెడతారు కాబట్టి వాటిని పైకి జరుపుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర చెమటకు వేళ్లు మీటల మీద నిలవవు. పక్కన రుమాలు ఉండాలి, ప్రతి పది నిమిషాలకూ తుడుచుకోవాలి. చూసి కొట్టాల్సిన పేపరును ఫ్యాన్ గాలికి ఎగరకుండా క్లిప్పు పెట్టి, ఏదైనా అట్టకు ఆనించి నిలబెట్టండి. కుడి పక్కనైనా, ఎడమ పక్కనైనా సరే, రోజూ ఒకే పక్కన పెట్టండి.

ల్యాబులో పాత కీబోర్డు దొరికితే ముందు ఎఫ్, జె మీటల్ని తడిమి చూడండి. వాటి మీద చిన్న గీతలా ఉబ్బు ఉంటుంది. చేతులు చోటు తప్పలేదని కళ్లతో పని లేకుండా చెప్పేది అదొక్కటే. అరిగిపోయి ఉంటే ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగి నెయిల్ పాలిష్ చిన్న చుక్క పెట్టి ఆరనివ్వండి.

కంప్యూటర్లో ఒకటి రెండు సర్దుబాట్లు చేయాలి. షిఫ్ట్‌ను వరసగా అయిదుసార్లు నొక్కితే విండోస్‌లో స్టికీ కీస్ పెట్టె వచ్చి అడ్డుపడుతుంది. పెద్దక్షరాలు సాధన చేసేటప్పుడు ఇది ఖాయంగా వస్తుంది కాబట్టి సెట్టింగ్స్‌లో ఆ షార్ట్‌కట్ ఆపేయండి. సాధనకు వర్డ్ కంటే ఆటోకరెక్ట్ ఆపిన నోట్‌ప్యాడ్ మంచిది. వర్డ్ తప్పుల్ని తనంతట తానే దిద్దేస్తుంటుంది. ఏ వేలు తప్పు చేసిందో మీకు తెలియకుండా పోతుంది.

హోమ్ రో: మొదటి వారమంతా ఇదే

హోమ్ రో అంటే వేళ్లు ఎప్పుడూ తిరిగి వచ్చి నిలిచే నడిమి వరస. ఎడమచేతి చిటికెనవేలు ఏ మీద, ఉంగరపు వేలు ఎస్ మీద, మధ్యవేలు డి మీద, చూపుడు వేలు ఎఫ్ మీద. కుడిచేతి చూపుడు వేలు జె మీద, మధ్యవేలు కె మీద, ఉంగరపు వేలు ఎల్ మీద, చిటికెనవేలు సెమీకోలన్ మీద. బొటనవేళ్లు రెండూ స్పేస్ బార్ పైన తేలుతూ ఉంటాయి. స్పేస్‌కు ఒక్క బొటనవేలే వాడండి, కుడిది అయితే మేలు. రెండూ వాడదామనుకుంటే ప్రతి పదం చివరా 'ఏది?' అన్న తడబాటు వస్తుంది.

మొదటి రోజు కూర్చోగానే చేయాల్సింది ఇది:

1. కళ్లు మూసుకుని చేతులు ఒళ్లో నుంచి ఎత్తి, ఎఫ్, జె గీతల్ని వెతికి పట్టుకోండి. మళ్లీ ఒళ్లో పెట్టుకోండి. ఇలా 20 సార్లు. వెతుకులాట లేకుండా నేరుగా వాలేదాకా ముందుకు పోవద్దు.
2. వేళ్లను గోళాన్ని పట్టుకున్నట్టు వంచి, వేలి కొనలతో మీటను తాకండి. చదునుగా పరచిన వేలు పక్క మీటను కూడా నొక్కుతుంది.
3. ఎఫ్‌ను ఒక్కసారి కొట్టి వదలండి. కంప్యూటర్ మీట కిందికి దిగేది దాదాపు 4 మిల్లీమీటర్లే, చిన్న తాకిడి చాలు. పాత టైపు మిషన్ మీద నేర్చుకున్న పెద్దవాళ్లు బలంగా కొట్టమంటారు, ఆ మిషన్‌కు అది అవసరం. ఇక్కడ బలంగా కొడితే వేళ్లు అలసిపోవడం తప్ప లాభం లేదు. మీటను నొక్కి పట్టుకున్నా అక్షరాలు వరసగా పడిపోతాయి.
4. అక్షరాన్ని నోటితో అంటూ ఒక్కో వేలూ కొట్టండి. 'జి', 'జె' అన్న పేర్లు, 'ఎం', 'ఎన్' అన్న పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి. క్లాసులో అయ్యవారు పిలిచేటప్పుడు చాలామంది ఇక్కడే తప్పుతారు, కాబట్టి వీటిని స్పష్టంగా పలకండి.

ఇక మన టైపు ఇన్‌స్టిట్యూట్లలో తరతరాలుగా వస్తున్న మొదటి పాఠం:

ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ (స్పేస్) సెమీకోలన్ ఎల్ కె జె హెచ్ జె (స్పేస్)

ఈ పాఠం ఎందుకిన్నాళ్లు నిలిచిందో చూడండి. నాలుగు వేళ్లూ వరసగా కొట్టాక చూపుడు వేలు జి దగ్గరికి ఒక్క అడుగు పక్కకు వెళ్లి, మళ్లీ ఎఫ్ దగ్గరికి వస్తుంది. కుడిచేతిలో హెచ్, జె కూడా అంతే. వెళ్లి రావడం అనేది మొదటి లైనులోనే ఉంది. జి తర్వాత ఎఫ్ కొట్టకుండా స్పేస్ కొట్టేస్తే ఈ పాఠంలో ప్రాణం పోయినట్టే. పూటకు నిండా పది లైన్లు, ఒకే వేగంతో కొట్టండి. ఎడమచేతివి గబగబా వచ్చి కుడిచేతివి ఆలస్యమవుతుంటే, లేదా చిటికెనవేలి దగ్గర లైను నత్తనడక నడుస్తుంటే, ఆలస్యమయ్యే వేలి వేగానికే మిగతావన్నీ తగ్గాలి.

సమానమైన తాళం కోసం ఫోన్లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకోండి. నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి, దెబ్బకు ఒక్క మీట కొట్టండి. ఒక లైను మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తే 10 పెంచండి. ఈ మెట్రోనోమ్ 150కి చేరిన రోజున మీ వేళ్లు 30 పదాల వేగంతో నడుస్తున్నట్టు.

నాలుగో రోజు నుంచి పదాలు. డాడ్, యాడ్, ఫాల్, ఆస్క్, గ్లాస్, ఫ్లాగ్, హాల్, షల్, హాఫ్. వీటి ఇంగ్లిష్ స్పెల్లింగులన్నీ హోమ్ రో మీదే ఉన్నాయి. గ్లాస్, ఫాల్, హాల్, షల్ పదాల్లో చివర ఒకే అక్షరం రెండుసార్లు వస్తుంది. రెండో దెబ్బకు వేలును పూర్తిగా ఎత్తక్కర్లేదు, మీట పైకి వచ్చేదాకా ఆగి మళ్లీ కొడితే చాలు.

పై వరస, కింది వరస

వరసలు ఒకదాని కింద ఒకటి నిట్టనిలువుగా లేవు. పై వరస హోమ్ రోకు కొద్దిగా ఎడమకు, కింది వరస అర మీట కుడికి జరిగి ఉంటాయి. ఎఫ్ నుంచి ఆర్‌కు వేలు పైకి, కాస్త ఎడమకు పోతుంది. ఎఫ్ నుంచి వికి కిందికి, కుడికి. అందుకే కింది వరస ఎడమచేతికి ఇబ్బంది పెడుతుంది, జెడ్, ఎక్స్ కోసం వేళ్లు లోపలికి ముడుచుకోవాలి. వేలు నిట్టనిలువుగా దించేవాళ్లకు సి బదులు ఎక్స్, వి బదులు సి పడుతుంటాయి. బి చాలా దూరం. అది ఎడమ చూపుడు వేలిదే, కుడి వేలితో అందుకోవద్దు.

ఎవరి మీటలు వాళ్లవి ఇలా:

ఎడమ చిటికెన: క్యూ, ఏ, జెడ్
ఎడమ ఉంగరం: డబ్ల్యూ, ఎస్, ఎక్స్
ఎడమ మధ్య: ఇ, డి, సి
ఎడమ చూపుడు: ఆర్, టి, ఎఫ్, జి, వి, బి
కుడి చూపుడు: వై, యు, హెచ్, జె, ఎన్, ఎం
కుడి మధ్య: ఐ, కె, కామా
కుడి ఉంగరం: ఓ, ఎల్, ఫుల్‌స్టాప్
కుడి చిటికెన: పి, సెమీకోలన్, స్లాష్, ఎంటర్, బ్యాక్‌స్పేస్

రెండో వారం పై వరస, మూడో వారం కింది వరస. పాఠం మళ్లీ వెళ్లి రావడమే: ఎఫ్ ఆర్ ఎఫ్, ఎఫ్ టి ఎఫ్, జె యు జె, జె వై జె, డి ఇ డి, కె ఐ కె, ఎస్ డబ్ల్యూ ఎస్, ఎల్ ఓ ఎల్, ఏ క్యూ ఏ, సెమీకోలన్ పి సెమీకోలన్. మూడో వారంలో రెండూ కలిపి ఏ క్యూ ఏ జెడ్ ఏ, ఎస్ డబ్ల్యూ ఎస్ ఎక్స్ ఎస్, డి ఇ డి సి డి. ఒక వేలు వెళ్తుంటే ఆ చేతిలో ఇంకో వేలైనా తన హోమ్ కీని తాకుతూ ఉండాలి. చిటికెనవేలు క్యూకు వెళ్తే చూపుడు వేలు ఎఫ్ మీద కాపలా ఉంటుంది, చూపుడు వేలు టికి వెళ్తే చిటికెనవేలు ఏ మీద ఉంటుంది. చెయ్యి మొత్తం లేచి గాల్లోకి పోకుండా ఆపేది ఇదే.

మన ఊళ్ల పేర్లే మంచి పాఠాలు. స్పెల్లింగ్ ఆలోచించక్కర్లేదు కాబట్టి మనసంతా వేళ్ల మీదే ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'పుత్తూరు' కొట్టి చూడండి: పి, యు, టి, టి, యు, ఆర్. ఆరు అక్షరాలూ పై వరసలోనే ఉన్నాయి. ఎడమ చూపుడు వేలు టి మీద రెండు దెబ్బలు వేసి, కుడివేలు యు కొట్టేలోపు ఎఫ్ మీదికి వచ్చి, అక్కణ్నుంచి ఆర్‌కు వెళ్లాలి. హోమ్‌కు రాకుండా టి దగ్గరే నిలబడిపోయినవాళ్లకు చివర ఆర్ బదులు మళ్లీ టి పడుతుంది. 'తిరుపతి'లో ఒక్క ఏ తప్ప మిగతావన్నీ పై వరసే, చాలావరకు చేతులు మార్చి మార్చి వస్తాయి. 'అలిపిరి' కుడి మధ్యవేలికి పరీక్ష, ఐ మూడుసార్లు వస్తుంది. 'చిత్తూరు'లో టి రెండు, ఓ రెండు. తొందరపడితే ఓలు మూడవుతాయి, లేదా ఒకటే పడుతుంది. 'కుప్పం'లో రెండు పిలు బలహీనమైన కుడి చిటికెనవేలి మీద పడతాయి. 'మంగళం' కింది వరస ఎం, ఎన్‌ల మధ్య తేడా తెలియడానికి బాగుంటుంది. 'కాళహస్తి'లో టి, ఐ తప్ప అన్నీ హోమ్ రోనే.

అన్నిటికంటే కష్టం 'తిరుమల'. యు తర్వాత ఎం వస్తుంది. రెండూ కుడి చూపుడు వేలివే, ఒకటి పై వరస, ఇంకొకటి కింది వరస. ఒకే వేలు రెండు వరసలు దూకాలి. ఇలాంటి చోట ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా వేగం తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ ఒక్క దూకుడును లాగేయాలని చూస్తేనే ఎం బదులు ఎన్ పడుతుంది. జె యు జె ఎం జె అని విడిగా అయిదు లైన్లు కొట్టి, తర్వాత ఊరి పేరు కొట్టండి.

షిఫ్ట్, అంకెలు

కొట్టాల్సిన అక్షరం ఏ చేతిదో, షిఫ్ట్ దాని ఎదుటి చేతి చిటికెనవేలితో నొక్కాలి. పెద్ద టికి కుడి షిఫ్ట్, పెద్ద పికి ఎడమ షిఫ్ట్. షిఫ్ట్ పట్టుకో, అక్షరం కొట్టు, రెండూ వదులు. షిఫ్ట్ ముందే వదిలేస్తే చిన్నక్షరం పడుతుంది, ఆలస్యంగా వదిలితే రెండో అక్షరమూ పెద్దదవుతుంది. ఒక్క అక్షరం కోసం క్యాప్స్ లాక్ నొక్కడం ఫోన్ నుంచి వచ్చిన అలవాటు. ఒక్క స్ట్రోకుకు మూడు స్ట్రోకుల శ్రమ అది, మొదట్లోనే మానుకోండి.

అంకెల వరసను అయిదో వారం దాకా ముట్టుకోవద్దు. 1 నుంచి 5 దాకా ఎడమచేతికి, 6 నుంచి 0 దాకా కుడిచేతికి. 4, 5 ఎడమ చూపుడు వేలికి, 6, 7 కుడి చూపుడు వేలికి. డేటా ఎంట్రీ ఉద్యోగం మనసులో ఉంటే నంబర్ ప్యాడ్ విడిగా నేర్చుకోండి. అక్కడ హోమ్ 4, 5, 6. గీత ఉండేది 5 మీద, అక్కడ మధ్యవేలు ఉండాలి. సున్నా బొటనవేలికి, ఎంటర్ చిటికెనవేలికి.

చూడకూడదంటే ఎలా

పక్కన పేపరు చూస్తూ మధ్యమధ్య మీటల్ని చూస్తే కళ్లు లైను తప్పుతాయి. మళ్లీ వెతుక్కోవడానికి పోయే సమయమే పెద్ద నష్టం. 1888 జులై 25న అమెరికాలోని సిన్సినాటిలో జరిగిన పోటీలో కోర్టు స్టెనోగ్రాఫర్ ఫ్రాంక్ మెక్‌గరిన్, మీటలు చూసి కొట్టే లూయీ ట్రాబ్‌ను ఓడించాడు. మెక్‌గరిన్ మీటల స్థానాలన్నీ కంఠతా పట్టినవాడు, కళ్లు పేపరు మీదే ఉండేవి. ఈ పద్ధతి లోకానికి బాగా తెలిసింది ఆ పోటీతోనే.

'చూడను' అని అనుకుంటే సరిపోదు, చూసే వీలు లేకుండా చేసుకోవాలి. రెండు ఏ4 కాగితాలు అతికించి, ఒక అంచును మానిటర్ కింద టేపుతో అంటించి, చేతుల మీద పందిరిలా వేసుకోండి. మీటల మీద రంగు స్టిక్కర్లు అంటించడం మాత్రం వద్దు. అవి కళ్లను కిందికి లాగుతాయి. మీటల పటాన్ని ప్రింటు తీసి స్క్రీన్ పక్కన పెట్టుకుంటే అక్షరం గుర్తురానప్పుడు కళ్లు పైకే పోతాయి.

తప్పులు చెప్పే విషయాలు

ప్రతి తప్పుకూ ఒక కారణం ఉంటుంది. రోజూ చివర్లో కొట్టింది ప్రింటు తీసో, స్క్రీన్ మీదో చూసి తప్పుల్ని నోటు పుస్తకంలో రాసుకోండి. కొట్టాల్సింది ఏమిటి, పడింది ఏమిటి అని రెండు వరసలు చాలు. వారం గడిచేసరికి మీ వేళ్ల గుణం బయటపడుతుంది.

ఇ బదులు ఐ, డి బదులు కె, ఎస్ బదులు ఎల్ పడితే అది అద్దం తప్పు. వేలు సరైనదే, చెయ్యి మారింది. కొత్తవాళ్లకు ఇవే ఎక్కువ. డి కె డి కె, ఇ ఐ ఇ ఐ అని నోటితో అంటూ నెమ్మదిగా కొడితే నాలుగైదు రోజుల్లో తగ్గుతాయి.

వరసగా అక్షరాలన్నీ ఒక మీట పక్కకు జరిగి పడితే చెయ్యి హోమ్ తప్పింది. సాధారణంగా బ్యాక్‌స్పేస్‌కో ఎంటర్‌కో వెళ్లి వచ్చాక జరుగుతుంది. కుడి చిటికెనవేలు వెళ్లినప్పుడు కుడి చూపుడు వేలు జెను వదులుతోందేమో గమనించండి.

అక్షరాలు ముందువెనుకలైతే, అంటే ఇంగ్లిష్ 'ద'లో హెచ్ తర్వాత రావాల్సిన ఇ ముందే పడితే, మీకు తెలియనిది మీట కాదు. ఒక చెయ్యి రెండోదానికంటే తొందరపడుతోంది. ఇక్కడ మళ్లీ మెట్రోనోమే మందు. వేగం 20 తగ్గించి కొట్టండి.

పదాల మధ్య ఖాళీ పడకపోవడం, లేదా పదం చివరి అక్షరం ముందుకు ఖాళీ రావడం, బొటనవేలి తొందర. స్పేస్‌ను కూడా ఒక అక్షరంగా, అదే తాళంలో కొట్టాలి.

ఏ, పి, క్యూ, జెడ్ తరచూ పడకపోతే చిటికెనవేళ్లు బలహీనంగా ఉన్నాయి. అప్పుడు చాలామంది ఏ కోసం ఉంగరపు వేలిని వాడతారు, దాంతో ఎస్ కూడా పాడవుతుంది. చెయ్యి పక్కకు వాల్చి నెట్టకుండా, వేలినే ఎత్తి కొట్టడం అలవాటు చేయండి.

బ్యాక్‌స్పేస్ సంగతి: మొదటి నాలుగు వారాలు దాన్ని వాడకుండా కొట్టండి. తప్పు పడితే పడనివ్వండి, ముందుకు పోండి. ప్రతి తప్పుకూ వెనక్కి వెళ్లేవాళ్లకు తాళం ఏర్పడదు. పైగా తప్పు, బ్యాక్‌స్పేస్, మళ్లీ ఒప్పు అనే మూడు దెబ్బలే వేళ్లకు అలవాటవుతాయి. తర్వాత పరీక్ష నిబంధనను బట్టి వాడుకోండి. కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్ బ్యాక్‌స్పేస్‌ను ఒప్పుకుంటుంది, కొన్ని ఒప్పుకోవు. నోటిఫికేషన్‌లో అది చూసుకున్నాకే సాధన తీరు మార్చుకోవాలి.

వేగం లెక్క, వారాల లెక్క

అయిదు నిమిషాల్లో 700 స్ట్రోకులు కొట్టి 6 తప్పులు చేశారనుకుందాం. 700ను 5తో భాగిస్తే 140 పదాలు, అయిదు నిమిషాలకు భాగిస్తే 28. ఇది స్థూల వేగం. 140 పదాల్లో 6 తీసేస్తే 134, నిమిషానికి 26.8. ఇది నికర వేగం, మీరు చూడాల్సింది దీన్నే. నూటికి మూడుకు మించి తప్పులు వస్తున్నాయంటే వేగం తగ్గించాలి, రెండు లోపు ఉంటేనే పెంచాలి. తప్పులతో తెచ్చుకున్న వేగం పరీక్ష గదిలో నిలవదు.

వారానికి రెండు ల్యాబ్ పీరియడ్లు సరిపోవు. రోజుకు 15 నిమిషాలు రెండు పూటలు కూర్చోవడం ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే ఎంతో మేలు. 20 నిమిషాలు దాటాక వేళ్లు అలసి తప్పులు పెరుగుతాయి, ఆ తప్పులే అలవాటవుతాయి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే పాత యూఎస్‌బీ కీబోర్డు ఒకటి కొని ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు తగిలించుకోవచ్చు. కరెంటు పోయినా సాధన ఆగదు. కంప్యూటర్ ఉంటే నెట్ లేకుండా నడిచే క్లావరో, కెటచ్ అనే టైపింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి.

నాలుగో వారానికి అక్షరాలన్నీ పూర్తవుతాయి, వేగం 12, 15 దగ్గర ఉంటుంది. ఎనిమిదో వారానికి 20, 22. ఆ తర్వాత ఒకచోట ఆగిపోతుంది, రెండు వారాలు కదలదు. అప్పుడు కొత్త పేరాలు కొట్టడం ఆపి, ఒకే 50 పదాల పేరాను వారమంతా కొట్టండి. పదాలు ఒక్కో అక్షరంగా కాకుండా ఒక్క దెబ్బగా రావడం మొదలవుతుంది. 'ద', 'అండ్', 'ఆఫ్', 'దట్', 'విత్' లాంటి పదాలు ముందుగా అలా కుదురుతాయి. వాటిని విడిగా లైన్లు లైన్లుగా కొడితే మొత్తం వేగం పెరుగుతుంది. పన్నెండో వారానికి 30 అందుతుంది. పదో వారం నుంచి ప్రతి శనివారం 10 నిమిషాల పూర్తి పరీక్ష పెట్టుకోండి. నిమిషం పరీక్షలో 35 వచ్చినవాళ్లు కూడా పది నిమిషాలకు 28కి దిగిపోవడం మామూలే. నిలకడ అనేది విడిగా నేర్వాల్సిన సంగతి.

తెలుగు టైపు

ఇంగ్లిష్‌లో చూడకుండా 25 దాటాక తెలుగు మొదలుపెట్టండి. అంతకుముందు రెండూ కలిపితే ఒకే మీటకు రెండు అక్షరాలు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చి రెండూ తడబడతాయి. ఫోనెటిక్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకోవచ్చు గానీ ఒక్కో తెలుగు అక్షరానికి రెండు మూడు స్ట్రోకులు పడతాయి. ఆఫీసు పని కోసమైతే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం మంచిది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించిన ప్రమాణంలో ఉన్న అమరిక ఇది. విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే దొరుకుతుంది. చాలా భారతీయ భాషలకు అక్షరాల చోట్లు దాదాపు ఒకటే కాబట్టి తమిళ, కన్నడ సరిహద్దులున్న చిత్తూరు జిల్లాలో ఇది రెట్టింపు ఉపయోగం. క ఎక్కడుందో తెలిస్తే మూడు భాషల్లోనూ తెలిసినట్టే.

గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి వస్తాయి. మ, న, వ మాత్రం ఎడమ కింది వరసలో ఉంటాయి. ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాలు షిఫ్ట్‌తో: కె నొక్కితే క, షిఫ్ట్‌తో ఖ. ఇంగ్లిష్‌లో పై వరసంతా తిప్పిన 'తిరుపతి' ఇక్కడ పూర్తిగా హోమ్ రోలోనే వస్తుంది: ఎల్ (త), ఎఫ్ (ఇకారం), జె (ర), జి (ఉకారం), హెచ్ (ప), ఎల్ (త), ఎఫ్ (ఇకారం). మీరు మొదటి వారం నేర్చిన వేళ్లే, ఒక్కటీ పైకి పోదు. తెలుగులో మొదటి పదంగా దీన్నే పది లైన్లు కొట్టండి.

వత్తులకు డి మీట ముఖ్యం, పొల్లు అక్కడుంది. 'అమ్మ'కు షిఫ్ట్‌తో డి (అ), సి (మ), డి (పొల్లు), సి (మ). 'చిత్తూరు'కు సెమీకోలన్, ఎఫ్, ఎల్, డి, ఎల్, టి, జె, జి. మధ్యలో డి మరిచిపోతే 'చితతూరు' పడుతుంది. కొత్తవాళ్లకు తెలుగులో వచ్చే తప్పుల్లో సగం ఇదే, కాబట్టి అక్క, అన్న, తమ్ముడు, చెల్లెలు, తాత, అవ్వ అని ఇంట్లోవాళ్లను వరసగా కొడుతూ వత్తు ఉన్న పదంలో డిని గట్టిగా పలకండి.